రెండు కార్లూ నా నోరూ

షోరూమ్ ముందు పార్కింగ్‌లో కారు నిలిపి, ఇంజన్ ఆపకుండానే ఇద్దరికీ చెప్పాను. "లోపల ఏదన్నా నచ్చినా నచ్చినట్టు మొహం పెట్టొద్దు. వాడు మన మొహాలే చూస్తుంటాడు. నచ్చిందని తెలిసిందా, ఇక ఒక్క డాలరు తగ్గడు."

పక్క సీట్లో నా భార్య తలూపింది. ఇండియా నించి కొన్నాళ్లుండటానికి వచ్చిన మా అమ్మ వెనక సీట్లోంచి, "మరెలాంటి మొహం పెట్టాల్రా? చావింటికెళ్లినట్టు పెట్టనా?" అంది.

"ఎలాంటిదీ పెట్టకు. ఊరికే ఉండు చాలు."

"నా మొహం ఊరికే ఉంటే చావింటికెళ్లినట్టే ఉంటుందిలే."

నా భార్య నవ్వు ఆపుకోబోయి దగ్గింది. నాకు అప్పుడే చిరాకు మొదలైంది.

ఈ మొహం సూత్రం నేను కనిపెట్టింది కాదు. టెక్సాస్‌లో, ఇర్వింగ్ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు మగవాళ్లందరూ కార్ల షోరూమ్‌కి ఇలాగే వెళ్లేవాళ్లం. నెలాఖరున వెళ్లాలి. ఇద్దరు ముగ్గురు డీలర్లకి మెయిల్స్ పెట్టి ఒకడి రేటు ఇంకొకడికి చూపించాలి. మధ్యలో ఒకసారి లేచి బయటికి నడవాలి. ఆడవాళ్లని తీసుకెళ్తే ముందే గట్టిగా చెప్పి పెట్టాలి. తలా ఒక వంటకం తెచ్చుకుని తినే శనివారం పాట్‌లక్‌లలో బిర్యానీ తింటూ ఒకరికొకరం ఇదే చెప్పుకునేవాళ్లం. "మా ఆవిడ సన్‌రూఫ్ చూసి వావ్ అంది బ్రో, అక్కడే అయిపోయింది," అని ఒకడు చెప్తే అందరం పగలబడి నవ్వేవాళ్లం. ఆ ఆవిడ పక్క గదిలోనే ఉండేది.

గ్రీన్ కార్డ్ వచ్చిన మరుసటి ఏడాది అది. అంతవరకూ నా భార్యకి ఇక్కడ పని చేసే హక్కు లేదు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చదివిన మనిషి, పెళ్లై వచ్చిన దగ్గర్నించీ అమ్మాయిని స్కూల్లో దింపడం, ఇండియన్ గ్రోసరీకి వెళ్లిరావడం, ఈ రెండు దారుల్లోనే పాత సెడాన్ నడుపుతూ గడిపింది. కార్డ్ రాగానే ఎవరికీ చెప్పకుండా ఎక్కడెక్కడో అప్లై చేసింది. ప్లేనోలో ఆహార పదార్థాలు పరీక్షించే ఒక ల్యాబ్ వాళ్లు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఆ మెయిల్ తెచ్చి నాకు చూపించింది. ఎక్కడ చేరినా ఇంటిదగ్గర చేరాల్సింది కదా అన్నదే నేను అన్న మొదటి మాట.

ఇర్వింగ్ నించి ప్లేనోకి 635 నంబరు హైవే మీద వెళ్లాలి. ఆ ఏళ్లలో 635 అంతా తవ్వి పోసి ఉండేది. వారం వారం లేన్లు మారేవి, నారింజ రంగు డ్రమ్ములు, కాంక్రీటు గోడలు, మధ్యలో ట్రక్కులు. నా భార్య ఎన్నడూ హైవే ఎక్కలేదు. పాత సెడాన్‌లో ఆ ట్రక్కుల మధ్య భయంగా ఉంటుంది, కాస్త ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీ ఏదన్నా తీసుకుందామా అని అడిగింది. అడగడమే ఆలస్యం, ఆ పని నాదైపోయింది.

చివరికి రెండు మిగిలాయి. పేర్లు చెప్పను. మా అమ్మ ఆ పేర్లు నోరు తిరగక గుండ్రందీ, చదరపుదీ అని పిలిచేది, మేమూ అలాగే అనడం మొదలుపెట్టాం. గుండ్రందాన్ని మా పార్కింగ్ లాట్‌లో అడుగడుక్కీ చూడొచ్చు. మనవాళ్లలో సగం మంది దగ్గర అదే. వెనక వైపు కిటికీ చిన్నగా మొదలై పైకి వంగి సన్నబడిపోతుంది, చూడ్డానికి బాగుంటుంది. చదరపుది పెట్టెలా ఉంటుంది. కిటికీలు పెద్దవి, ముక్కు పొట్టిది. దాన్ని మనవాళ్లు కొనరు. నేను ఫోరమ్‌లు చదివాను, వీడియోలు చూశాను, మైలేజీ, రీసేల్, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి, ఇండియా నించి ఎవరన్నా దిగితే ఎయిర్‌పోర్ట్ నించి తేగలమా, అన్నీ పోల్చాను. ఆఫీసులో నలుగురి సలహా అడిగాను. ఆ కారు నడపబోయే మనిషిని ఒక్కటీ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా నాకప్పుడు తట్టలేదు.

ఆ శనివారం ముందు గుండ్రందాని షోరూమ్‌కి వెళ్లాం. మొదట నేను నడిపాను. తర్వాత ఆమె కూర్చుంది. నేను పక్కన, అమ్మా సేల్స్‌మనూ వెనక.

"వెనక మూల కనబడట్లేదండీ," అంది.

"అద్దాలున్నాయి కదా. అద్దాల్లో చూడు."

"అద్దాల్లో కూడా..."

"సీటు జరుపుకో. మెడ తిప్పి చూడాలి. పొట్టిగా ఉండటం నీ తప్పు, కారు తప్పు కాదు."

ఆమె లాట్ చుట్టూ ఒక చుట్టు తిప్పి దిగిపోయింది. నచ్చనట్టు మొహం పెట్టడంలో ఆమెకి ఏ కష్టమూ కలగలేదు. సేల్స్‌మన్ కాస్త దిగులుపడ్డట్టు కూడా అనిపించి, మనసులో ఆమెని మెచ్చుకున్నాను.

చదరపుదాని షోరూమ్ అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకి. అక్కడి సేల్స్‌మన్ వయసు మళ్లినవాడు, పెద్ద టెక్సాస్ గొంతు. వాడు తాళాలు తెచ్చి నాకివ్వబోయి ఆగి, "నడిపేది ఎవరు?" అని అడిగి ఆమె చేతికిచ్చాడు. ఆమె నా వైపు చూసింది. "కానీయ్," అన్నాను.

సీటు పక్కన మీట ఉంది. దాన్ని లాగుతుంటే సీటు కొంచెం కొంచెంగా పైకి లేచింది. ఆమె లాగుతూనే ఉంది. బానెట్ మొత్తం కనబడే ఎత్తు వచ్చాక ఆగి, మెడ తిప్పి ఎడమ పక్క వెనక్కి చూసింది. మళ్లీ చూసింది. అప్పుడు నవ్వింది. పళ్లు కనబడేలా, చిన్నపిల్లలా. నన్ను చూసి కాదు, ఎవరిని చూసీ కాదు. వెనక సీట్లో అమ్మ కూడా, "హమ్మయ్య," అంది.

అమ్మ పక్కన కూర్చున్న సేల్స్‌మన్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "మేడమ్‌కి కారు దొరికినట్టుందే!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత మండిందంటే, రాసుకుంటున్న ఈ రోజుకీ చెవుల్లో ఆ వేడి తెలుస్తోంది. "చెప్పానా? కారెక్కకముందే చెప్పానా లేదా?" అని తెలుగులో అరిచాను. "ఒక్క పని, మొహం మూసుకుని కూర్చోమన్నాను. అదీ చేతకాదు. మొత్తం నాశనం చేశావ్." వాడికి భాష రాకపోయినా గొంతు అర్థమైంది. కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. నా భార్య మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. పెదాలు అలాగే ఉన్నాయి, కళ్లు మాత్రం మారిపోయాయి. మీట వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఒరేయ్," అంది అమ్మ. "కారు కొనడానికొచ్చామా, కోడల్ని కొట్టడానికొచ్చామా?"

"నువ్వుండమ్మా. నీకు తెలీదు."

నడపకుండానే దిగిపోయాం. నేను ముందు, వాళ్లిద్దరూ వెనక. ఆ సాయంత్రమే వెళ్లి గుండ్రందాన్ని కొన్నాను. ఆమె నవ్విందని, ఆ నవ్వుకి శిక్షగా కొన్నానని అప్పుడు ఎవరన్నా అంటే కొట్టేవాణ్ని. రీసేల్ అన్నాను, మైలేజీ అన్నాను. రేటు ఇంకాస్త తగ్గించడానికి ఆమె ఇన్నేళ్లూ నడిపిన పాత సెడాన్‌ని కూడా వాళ్లకే ఇచ్చేశాను. ఆమెకి కాస్తో కూస్తో అలవాటున్న ఒకే ఒక్క కారు అది. ఇవ్వనా అని అడగలేదు. దాని అద్దానికి వేలాడుతున్న చిన్న గంట తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టి, "మంచి డీల్," అన్నాను.

ఆమె చేరాల్సింది సోమవారం. ఆదివారం పొద్దున హైవే ప్రాక్టీస్ అన్నాను. అమ్మ కూడా వెనక ఎక్కింది, ఎందుకమ్మా అంటే, "గుళ్లో దిగుతాలే," అంది. గుడి ఆ దారిలో లేదని అమ్మకీ తెలుసు.

నేను పక్కన కూర్చుని డ్రైవింగ్ నేర్పడం అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మాయి చిన్నప్పుడు వెనక కార్ సీట్లో కూర్చుని, నేను నోరెత్తగానే చెవుల మీద చేతులు పెట్టుకునేది. అది చూసి నవ్వేవాణ్ని. ఆఫీసులో నా గొంతు ఎప్పుడూ పెరగదు. క్లయింట్ తిట్టినా "షూర్" అంటాను. అక్కడ మింగిందంతా ఈ సీట్లో కూర్చున్నప్పుడు బయటికొచ్చేది.

హైవేలో కలిపే ర్యాంప్ ఎక్కాం. ఎడమ పక్క హైవే, ఆదివారమైనా ట్రక్కులు. ర్యాంప్ పొట్టిది, చివర్లో డ్రమ్ములు పెట్టి ఇంకా పొట్టిగా చేశారు. ఆమె అద్దంలో చూసింది, మెడ తిప్పి చూసింది, మళ్లీ అద్దంలో చూసింది.

"పో! పో! పో!" అన్నాను.

ఆమె యాక్సిలరేటర్ నొక్కింది.

"ఆగు! ట్రక్కు! కళ్లు కనబడట్లేదా? బ్రేక్!"

ఆమె బ్రేక్ తొక్కింది. గట్టిగా. కారు ర్యాంప్ కొసన, డ్రమ్ముల ముందు ఆగిపోయింది. మా పక్కనించి ఆ ట్రక్కు హారన్ కొట్టుకుంటూ పోయిన ఊపుకి కారు ఊగింది. వెనక అమ్మ, "రామ రామ రామ," అంటోంది. వెనకొచ్చిన కార్లు మమ్మల్ని తప్పించుకుని పోతున్నాయి.

నేను అరవడం ఆపలేదు. ఏమేం అన్నానో కొన్ని గుర్తున్నాయి, కొన్ని అమ్మ తర్వాత గుర్తు చేసింది. నీకెవడిచ్చాడు లైసెన్స్ అన్నాను. నీకు ల్యాబూ వద్దు గీబూ వద్దు, ఎవడి ప్రాణమన్నా తీస్తావు అన్నాను. ఆమె గేరు పార్క్‌లో పెట్టి, తలుపు తెరుచుకుని దిగిపోయింది. కాంక్రీటు గోడకి ఆనుకుని, దుపట్టా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ట్రక్కు పోయినప్పుడల్లా జుట్టు మొహం మీదికి కొట్టుకొచ్చేది. నేను అటు జరిగి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఎక్కమని కిటికీలోంచి చేత్తో సైగ చేశాను. నోటితో పిలవలేదు. ఆమె అమ్మ పక్కన ఎక్కింది.

సోమవారం పొద్దున ఆమె ల్యాబ్‌కి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. నేను ఆఫీసుకి బయల్దేరుతూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. మంచి ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఇంట్లో కొంచెం ఇబ్బంది అని చెప్పింది. ఆ ఇబ్బంది నేనేనని అర్థం చేసుకోకుండా, "నీకోసం కారు కొంటే చేసేది ఇదా?" అని దానికీ అరిచాను. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, అమ్మాయి లంచ్ డబ్బా మూత బిగించింది.

ఆ తర్వాత కొత్త కారు ఎక్కువగా మా బాల్కనీ కిందే ఉండేది. స్కూలు, గ్రోసరీ. అంతే. పాట్‌లక్‌లో మిత్రుడొకడు, "ఎలా ఉంది బ్రో కారు?" అంటే, "సూపర్," అనేవాణ్ని.

ఒకరోజు నా కారు టైర్ల కోసం షాపులో ఉంటే ఆ కారు తీయాల్సి వచ్చింది. సీటు ఆమె పెట్టుకున్నట్టే ముందుకి ఉంది, నా మోకాళ్లు డాష్‌బోర్డుకి గుద్దుకున్నాయి. వెనక్కి జరపబోతే కదల్లేదు. కింద నీళ్ల సీసా అడ్డం పడింది. వంగి, చెయ్యి పెట్టి సీసా లాగి, లేస్తూ లేస్తూ ఎడమ వెనక్కి చూశాను. నా తల అప్పుడు సరిగ్గా ఆమె తల ఉండే ఎత్తులో ఉంది. ఆ ఎత్తు నించి కిటికీ లేదు. నల్లటి ప్లాస్టిక్ స్తంభం, దాని పక్కన బెత్తెడు అద్దం, అంతే. వెనక లేన్‌లో ఎవరిదో వ్యాన్ వస్తున్న చప్పుడు వినబడింది, వ్యాన్ కనబడలేదు. అది మా కారు దాటి ముందుకొచ్చాకే కనబడింది.

అలాగే వంగి ఇంకోసారి చూశాను. ఆమె చెప్పింది నిజం. షోరూమ్‌లోనే, మొదటి నిమిషంలోనే చెప్పింది.

నేనంటే నాకు అసహ్యం వేసిందని రాస్తే బాగుంటుంది. నిజానికి ముందు వచ్చింది ఉత్సాహం. బగ్ దొరికిన ప్రోగ్రామర్‌కి వచ్చే ఉత్సాహం. ఆఫీసులో రోజంతా చదరపుదాని రేట్లు చూశాను. సాయంత్రం ఇంటికొచ్చి, షూస్ విప్పకుండానే వంటింట్లోకి వెళ్లి, ఏదో బహుమతి ఇస్తున్నవాడిలా చెప్పాను. "నువ్వన్నదే కరెక్ట్. ఆ కార్లో నీకు కనబడదు. నేను కూర్చుని చూశాను. దీన్ని తీసేసి రెండోది తెచ్చుకుందాం. రేపే వెళ్దాం."

ఆమె పోపు పెడుతోంది. స్టవ్ కట్టేసింది.

"అందులో కిటికీలు పెద్దవి," అంది.

"అదే కదా చెప్తున్నా."

"కిటికీలు పెద్దవైతే మీరు అరవరా?"

నేను వంగి షూ లేసు విప్పబోయాను.

"ఆ ర్యాంప్ మీద నాకు వెనక కనబడలేదు, నిజమే. కనబడకపోతే ఇంకాస్త చూసుకుని ఎక్కేదాన్ని, లేకపోతే ఆగేదాన్ని. మీరు పో అన్నారు, పోయాను. ఆగమన్నారు, ఆగాను. నేను రోడ్డు చూడ్డం మానేసి ఎన్నాళ్లైందో తెలుసా మీకు? మీ గొంతు ఎప్పుడు లేస్తుందా అని వింటూ నడుపుతాను. రేపు ఇంకో కారు తెస్తారు. దాన్లోనూ పక్కన మీరే కదా కూర్చునేది?"

గొంతు పెంచలేదు. ఆమె గొంతు ఎప్పుడూ పెరగదు, పెరిగి ఉంటే నాకు తిరిగి అరవడానికి వీలుండేది. నాకు కోపమొచ్చింది. తప్పు ఒప్పుకున్నవాణ్ని ఇంకా తిడతారా అనిపించింది. అది కూడా ఒక రకం బేరమేనని, కారు మార్చేసి మిగతాదంతా ఊరికే మాఫీ చేయించుకోవాలని చూశానని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

"ల్యాబ్ వాళ్లని మళ్లీ అడిగి చూడు," అన్నాను చివరికి.

"అడిగాను. వేరేవాళ్లని తీసుకున్నారు."

అది ఎప్పుడు అడిగిందో నాకు తెలియదు.

కారు మార్చలేదు. వద్దంది. ఆ శనివారం పొద్దున అమ్మ చెప్పులు వేసుకుని, "మేం అలా వెళ్లొస్తాం," అంది. ఎక్కడికి అంటే, "అలా," అంది. బాల్కనీలోంచి చూశాను. నా భార్య స్టీరింగ్ ముందు కూర్చుంది. అమ్మ ముందు సీట్లో కూర్చోలేదు. ఎప్పటిలా వెనక, డ్రైవర్ సీటు వెనకే ఎక్కింది. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని వెళ్లిపోయారు.

అన్నం వేళ దాటినా రాలేదు. ఫోన్ చేద్దామని చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను. నడుపుతూ నా ఫోన్ చూస్తే ఏమవుతుందో అని పెట్టేశాను. కడుపులో ఉన్నది భయమే, గొంతు దాకా వచ్చేసరికి అది తిట్టుగా మారేది. తలుపు తెరుచుకునే చప్పుడు వినగానే, "ఎక్కడ చచ్చారు ఇంతసేపు?" అన్న మాట నాలుక మీదే ఉంది. పళ్లు బిగించుకున్నాను.

"635 ఎక్కాంరా," అంది అమ్మ, చెప్పులు విప్పుతూ.

"ఎక్కడిదాకా?"

"నాకేం తెలుసు? ఒక పెద్ద వంతెన దాకా వెళ్లి, అక్కడ దిగి, మళ్లీ ఎక్కి వచ్చాం. మొదటిసారి కొంచెం కష్టమైంది."

"వెనక కనబడదు కదా, ఎలా ఎక్కారు?" అని నా భార్యని అడిగాను.

ఆమె చెయ్యి కడుక్కుంటోంది. అమ్మే చెప్పింది. "కిటికీ దించుకుని తల బయట పెట్టి చూశాను. లారీ వస్తుంటే లారీ అన్నాను, లేకపోతే లేదమ్మా పో అన్నాను. అందులో ఏముందిరా?"

మా అమ్మకి బ్రేక్ ఏదో యాక్సిలరేటర్ ఏదో తెలియదు. హైవే మీద పోతున్న కార్లోంచి తల బయట పెట్టి, చెదిరిన జుట్టుతో వచ్చి నా ముందు నిలబడి ఉంది. తిట్టాలనిపించింది. నిజంగా ప్రమాదం అది. కానీ అమ్మ చేత అలా తల బయట పెట్టించింది నేనే కదా. ఆ సీట్లో కూర్చుని చూసి చెప్పాల్సిన పని ఎవరిదో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

"రేపు నేను రానా?" అన్నాను. "వెనకే కూర్చుంటాను. మాట్లాడను."

"వద్దు," అంది నా భార్య.

అమ్మ తిరిగి ఇండియా వెళ్లిపోయేలోపు వాళ్లు అలా చాలా శనివారాలు వెళ్లారు. కొన్నాళ్లకి నా భార్య గుండ్రటి కుంభాకారపు అద్దాలు రెండు తెచ్చి సైడ్ అద్దాల మూలన అంటించుకుంది, గ్రోసరీ పక్క షాపులో దొరికేవే. అవి పెట్టాక తల బయట పెట్టాల్సిన పని తప్పిందని అమ్మ చెప్పింది. నాకు ఏదీ ఆమె చెప్పేది కాదు, నేనూ అడిగేవాణ్ని కాదు. అడిగితే నా గొంతులో ఏం వినబడుతుందో నాకే నమ్మకం లేదు.

అమ్మని ఎయిర్‌పోర్ట్‌లో దింపింది కూడా ఆమే. నేను ఆఫీసు నించి నేరుగా వెళ్లి చెక్‌ఇన్ దగ్గర కలిశాను.

అమ్మ గుంటూరు వెళ్లిన కొన్ని వారాలకి ఒక ఆదివారం ఫోన్ చేసింది. నేను బాల్కనీలో ఉన్నాను. కింద కారు లేదు, నా భార్య కూరగాయలకి వెళ్తున్నానని చెప్పి వెళ్లింది. అమ్మ నా ఆరోగ్యం అడిగింది, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది, తర్వాత మామూలుగా, "ఏరా, కోడలికి ఉద్యోగం వచ్చిందటగా. మళ్లీ ల్యాబేనట. ఈసారిది ఇంకా దూరమటగా. వారంలో చేరుతుందట. ఇంటర్వ్యూకి తనే నడుపుకుంటూ వెళ్లొచ్చిందంట," అంది.

నాకు తెలియదు. అప్లై చేసిన సంగతి తెలియదు, ఇంటర్వ్యూ తెలియదు, ఏ రోజు వెళ్లిందో తెలియదు. అప్పటికి పక్క గదిలో పడుకుంటున్న నా భార్య విషయం ఎనిమిది వేల మైళ్ల అవతల నించి తెలిసింది. వెంటనే కోపం పొంగింది, అలవాటైన దారిలోనే, చెవుల్లోకి. నాకెందుకు చెప్పలేదు అని ఆమె రాగానే అడగాలనుకున్నాను. ఎందుకు చెప్పలేదో తెలిసే ఆ ప్రశ్న అడగబోతున్నానని, చెప్పి ఉంటే ఆ హైవే ఎందుకు, ఆ టైమింగ్స్ ఏంటి అని మొదలుపెట్టేవాణ్నని, ఆమె ఉద్యోగానికి కావాల్సిందల్లా నాకు తెలియకుండా ఉండటమేనని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అక్కడే నిలబడి అనుకున్నాను.

"ఏంరా, మాట్లాడవు? నీకు చెప్పలేదా?" అంది అమ్మ.

"చెప్పిందమ్మా," అన్నాను.